బక్క లాప్‌టాప్‌లో బ్రౌజర్ సరిగ్గా కనిపించకపోతే

నేను వాడే లాప్‌టాప్‌లో సెలెరాన్ ఎన్3060 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ ఉన్నాయి. స్క్రీన్ 1366×768. గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఆ 4 జీబీలోనే అదీ వాటా తీసుకుంటుంది. "ఇంకా ఎందుకు దాన్నే పట్టుకు వేలాడతావు" అని ఇంట్లో అంటూనే ఉంటారు. రాసుకోవడానికి, చదువుకోవడానికి, ఆన్‌లైన్ ఫారాలు నింపడానికి నాకది చాలు. ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు కూడా ఉండదు. కాకపోతే బ్రౌజర్ తెరిచాక ఎప్పుడు ఏ వేషం వేస్తుందో చెప్పలేం. స్క్రోల్ చేస్తుంటే సగం పేజీ తెల్లగా ఉండిపోతుంది. మెనూ తెరిస్తే నల్లటి డబ్బా వస్తుంది. వీడియో అడుగున ఆకుపచ్చ పట్టీ, పేజీ మీద గళ్ళు, ట్యాబ్ మారిస్తే పాత ట్యాబ్ బొమ్మే ఇంకా కనిపించడం, ఇలా రోజుకో రకం.

ఈ లక్షణాలు రాసి నెట్‌లో వెతికితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే: హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (పేజీలు గీసే పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగు) ఆపేయండి. ఆపితే చాలాసార్లు గళ్ళు పోతాయి, నిజమే. కానీ అప్పటిదాకా గ్రాఫిక్స్ చిప్ చేస్తున్న పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఎనిమిది కోర్ల మెషీన్‌కి అది లెక్కలోకి రాదు. నా రెండు కోర్ల సెలెరాన్‌కి మాత్రం గళ్ళ బదులు నత్తనడక మిగులుతుంది. అందుకే ఆ స్విచ్‌ని నేను రోగం కనిపెట్టడానికి వాడతాను. మందుగా వాడేది మాత్రం చివర్లో, అదీ వేరే దారి లేకపోతేనే.

ముందు స్క్రీన్‌షాట్

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే, తేడా కనిపిస్తున్న సమయంలోనే ఒక స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఫోన్‌కి పంపుకుని అక్కడ చూడండి. గళ్ళూ గీతలూ ఆ బొమ్మలో కూడా ఉంటే తప్పు బ్రౌజర్‌దో, గ్రాఫిక్స్ చిప్‌ని నడిపించే ప్రోగ్రాం అయిన డ్రైవర్‌దో అయి ఉంటుంది. బొమ్మ శుభ్రంగా ఉంటే మాత్రం బ్రౌజర్‌ని వదిలేయండి. బొమ్మ సరిగ్గానే తయారై, స్క్రీన్ దాకా వచ్చే దారిలో చెడిపోతోంది. అంటే ప్యానెల్, దాని కేబుల్, లేదా డిస్‌ప్లే సెట్టింగులు.

మా బాబాయి ఒకసారి ఫోన్ చేసి, "ఒరేయ్, బ్రౌజర్ తెరిస్తే చాలు, కింద సగం సన్నటి చారలు వస్తున్నాయి. పేకాట ఆడుకుంటే ఏమీ లేదు. బ్రౌజర్ తీసేసి మళ్ళీ వేసుకోమంటావా?" అన్నాడు.

"ఆగు బాబాయ్. చారలు ఉన్నప్పుడే ప్రింట్ స్క్రీన్ కొట్టి, ఆ బొమ్మ నాకు పంపు."

పంపాడు. బొమ్మలో ఒక్క చార కూడా లేదు.

"ఇప్పుడు మూత రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచి చూడు."

"వంచితే పోతున్నాయిరా! వదిలితే మళ్ళీ వస్తున్నాయి."

మూత కీలు దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ అది. పేకాటలో ఎందుకు కనిపించలేదంటే, ఆ ఆటకి వెనక ముదురు ఆకుపచ్చ రంగు. సన్నటి చారలు తెల్లటి పేజీ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ముదురు రంగు మీద కలిసిపోతాయి. బ్రౌజర్ తీసి వేసుకుని ఉంటే పాస్‌వర్డులు పోవడం తప్ప ఒరిగేది ఏమీ లేదు. అనుమానం తీరకపోతే లాప్‌టాప్‌ని టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి చూడండి. టీవీలో బాగుండి లాప్‌టాప్ స్క్రీన్ మీదే చెడితే ఇక ఆలోచించక్కర్లేదు, రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళడమే.

తప్పు ఆ సైట్‌దా, మీ బ్రౌజర్‌దా

స్క్రీన్‌షాట్‌లో కూడా తేడా ఉందనుకోండి. ఒక్క సైట్‌లోనే వస్తోందా, అన్నిట్లోనా? ఒక్కదాంట్లోనే అయితే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి. దాచిపెట్టుకున్న పాత ఫైళ్ళని పక్కనపెట్టి బ్రౌజర్ అన్నీ కొత్తగా తెచ్చుకుంటుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు స్టైల్ ఫైల్ సగంలో ఆగిపోయి, పేజీ మొత్తం నీలం లింకుల వరసలా కనబడడం మామూలే. ఆ రకం దీంతో పోతుంది.

పోకపోతే అదే పేజీని ప్రైవేట్ విండోలో తెరవండి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ. మామూలుగా ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) అక్కడ పనిచేయవు. అక్కడ బాగా కనిపిస్తే దొంగ ఎక్స్‌టెన్షన్లలోనో, పాత కుకీల్లోనో ఉన్నట్టు. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ రండి. నా అనుమానం ముందుగా వెళ్ళేది డార్క్ మోడ్ ఎక్స్‌టెన్షన్ల మీదికి. ప్రతి పేజీలో ప్రతి రంగునీ లెక్కగట్టి మార్చడం వాటి పని. బక్క ప్రాసెసర్ మీద ఆ లెక్క తేలేలోపు పేజీ ఓసారి తెల్లగా, ఓసారి నల్లగా మెరుస్తుంది. చీకటి రంగే కావాలంటే విండోస్ సెట్టింగుల్లో డార్క్ పెట్టుకోండి. సొంత డార్క్ డిజైన్ ఉన్న సైట్లలో చాలావరకు దాన్ని చూసి అవే మారతాయి, ఎక్స్‌టెన్షన్ మోత ఉండదు.

చిన్న స్క్రీన్ల వాళ్ళని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇంకొకటుంది. దీన్ని చాలామంది రోగంగా కూడా గుర్తుపట్టరు. "ఈ సైట్ నాకు మొబైల్‌లో కనిపించినట్టు కనిపిస్తోంది", "ఫారం నింపాను గానీ కింద సబ్మిట్ బటనే లేదు" అంటుంటారు. లెక్క చూడండి. స్క్రీన్ వెడల్పు 1366. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్ 125 శాతం ఉంటే, బ్రౌజర్ దృష్టిలో ఆ వెడల్పు 1093 మాత్రమే. పైన బ్రౌజర్ జూమ్ 110 శాతం పెట్టుకుంటే 994కి పడిపోతుంది. చాలా సైట్లు 1024 దగ్గరో 992 దగ్గరో గీత గీసుకుని, అంతకంటే సన్నగా ఉంటే టాబ్లెట్ డిజైన్ చూపిస్తాయి. ఎత్తు సంగతి మరీ దారుణం. 768ని 1.25తో భాగిస్తే 614. అందులో టాస్క్‌బార్, ట్యాబ్‌ల వరస, అడ్రస్ బార్, బుక్‌మార్కుల వరస పోగా పేజీకి మిగిలేది ఎంత? పెద్ద స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్ళు తయారుచేసిన పాప్‌అప్ అందులో పట్టదు, బటన్ అడుగున మునిగిపోతుంది.

కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కితే జూమ్ 100కి వస్తుంది. బటన్ కనిపించకపోతే కంట్రోల్, మైనస్ కొట్టుకుంటూ 67 శాతం దాకా దిగండి, ఎఫ్11 నొక్కి ఫుల్ స్క్రీన్ చేయండి. పని అయ్యాక మళ్ళీ కంట్రోల్, సున్నా. స్కేల్ శాశ్వతంగా 100కి దించి, కళ్ళకి చిన్నగా అనిపించిన సైట్లలో మాత్రమే జూమ్ పెంచుకోవడం నా పద్ధతి. ఏ సైట్‌కి ఎంత జూమ్ పెట్టారో బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది.

గళ్ళు, నల్ల డబ్బాలు, చెదిరిన అక్షరాలు

అన్ని సైట్లలో, ప్రైవేట్ విండోలో కూడా గళ్ళు వస్తుంటే ఇప్పుడు గ్రాఫిక్స్ వంతు. ముందు ఒక చిట్కా: విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ ఒక్క క్షణం ఆరి, చిన్న బీప్ వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది, తెరిచిన ఫైళ్ళకి ఏమీ కాదు. లాప్‌టాప్‌ని నిద్రపుచ్చి లేపాక వచ్చే నల్ల డబ్బాలు నా దగ్గర చాలావరకు దీంతోనే పోతాయి.

పోకపోతే క్రోమ్ అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో క్రోమ్, ఆ వెంటనే కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని కొట్టండి. ఎడ్జ్‌లో అయితే క్రోమ్ బదులు ఎడ్జ్. పెద్ద రిపోర్టు వస్తుంది, భయపడకండి. పైనున్న పది పన్నెండు వరసలు చాలు. కాంపోజిటింగ్, రాస్టరైజేషన్, వీడియో డీకోడ్ అనే మాటల ఎదురుగా 'హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్' అని ఆకుపచ్చగా ఉంటే గ్రాఫిక్స్ చిప్ పనిచేస్తోంది. 'సాఫ్ట్‌వేర్ ఓన్లీ' అని ఉంటే బ్రౌజర్ ఇప్పటికే దాన్ని పక్కనపెట్టేసి, బొమ్మలన్నీ ప్రాసెసర్‌తోనే గీయిస్తోందన్నమాట. గ్రాఫిక్స్ పదే పదే కుప్పకూలితే క్రోమ్ తనంతట తానే ఇలా దిగిపోతుంది. అలా దిగిపోయిన బ్రౌజర్‌లో 'యాక్సిలరేషన్ ఆపేయండి' అన్న సలహాకి అర్థమే లేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సమాచారం హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ పేజీలో, గ్రాఫిక్స్ విభాగంలో ఉంటుంది. కాంపోజిటింగ్ ఎదురుగా 'వెబ్‌రెండర్' అని ఉంటే చిప్, పక్కన 'సాఫ్ట్‌వేర్' అని కూడా ఉంటే ప్రాసెసర్.

సాఫ్ట్‌వేర్‌లోకి దిగిపోయి ఉంటే డ్రైవర్ సంగతి చూడండి. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏం పేరుందో చదవండి. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే మీ చిప్‌కి అసలు డ్రైవరే లేదు. విండోస్ మళ్ళీ వేసుకున్నాక ఇది తరచూ జరుగుతుంది. లాప్‌టాప్ కంపెనీ సైట్‌కి వెళ్ళి మీ మోడల్ నంబరుకి ఇచ్చిన డ్రైవరే వేయండి. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో' అనే ప్రోగ్రాముల జోలికి వెళ్ళకండి. పోయిన వారం దాకా బాగుండి అప్‌డేట్ తర్వాత చెడితే, అదే అడాప్టర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ కింద 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. అది మసకగా లేకపోతే నొక్కండి.

హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ అనే ఉండి గళ్ళు వస్తుంటే, అప్పుడు ఆ ప్రసిద్ధ స్విచ్. క్రోమ్ సెట్టింగుల్లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, రీలాంచ్ కొట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో జనరల్ కింద పర్ఫార్మెన్స్ దగ్గర 'రికమెండెడ్' టిక్ తీస్తే ఆ ఆప్షన్ బయటపడుతుంది. ఇంకా సులువు, హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్. ఎక్స్‌టెన్షన్లు, థీమ్, యాక్సిలరేషన్ మూడూ ఒకేసారి ఆగుతాయి.

గళ్ళు పోయాయా? అయితే దొంగ దొరికాడు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మీరు ఆగకండి, యాక్సిలరేషన్ మళ్ళీ ఆన్ చేసి, చెడిన ముక్కని మాత్రమే కోసేయడానికి ప్రయత్నించండి. క్రోమ్‌లో అదే పద్ధతిలో కోలన్, స్లాష్‌ల తర్వాత ఫ్లాగ్స్ అని కొడితే ప్రయోగాల పేజీ వస్తుంది. వెతుకు పెట్టెలో యాంగిల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే 'చూజ్ యాంగిల్ గ్రాఫిక్స్ బ్యాకెండ్' కనిపిస్తుంది. క్రోమ్ గీయమన్న దాన్ని మీ చిప్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చే పొర అది. విండోస్‌లో మామూలుగా డీ3డీ11 వాడుతుంది. దాన్ని ఓపెన్‌జీఎల్‌కి మార్చి రీలాంచ్ చేసి చూడండి. పాత ఇంటెల్ చిప్‌లలో డ్రైవర్‌లోని ఒక దారి చెడి, రెండోది బాగుండడం కద్దు. అక్షరాలు మాత్రమే చెదిరిపోతుంటే 'జీపీయూ రాస్టరైజేషన్' ఒక్కటి డిజేబుల్ చేయండి. వీడియో మీద మాత్రమే ఆకుపచ్చ పట్టీ వస్తుంటే 'హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ వీడియో డీకోడ్' ఒక్కటి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చి బాగుపడితే ఏది పనిచేసిందో తెలియక రెండోదాని భారం ఊరికే మోస్తారు. గందరగోళమైతే పైన 'రీసెట్ ఆల్' ఉంది.

బ్రౌజర్ మొత్తం నల్లగా వచ్చి సెట్టింగులకే చేరుకోలేకపోతే: క్రోమ్‌ని పూర్తిగా మూసి, డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ అనే గడిలో చివరి కొటేషన్ గుర్తు తర్వాత ఒక ఖాళీ ఇచ్చి, రెండు హైఫన్లు, డిసేబుల్, ఒక హైఫన్, జీపీయూ అని ఇంగ్లిష్‌లో చేర్చండి. అలా తెరిస్తే గ్రాఫిక్స్ చిప్ లేకుండా తెరుచుకుంటుంది. సెట్టింగులు సరిచేశాక ఆ ముక్క తీసేయడం మర్చిపోవద్దు.

తెల్లగా ఉండిపోయే పేజీలు

గళ్ళు ఏమీ లేకుండా తెల్లగా నిలిచిపోవడం, ట్యాబ్ మారిస్తే మళ్ళీ మొదటి నుంచి లోడవడం చాలావరకు మెమరీ సమస్య. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ అనే తలకట్టు మీద నొక్కితే ఎక్కువ తింటున్నది పైకొస్తుంది. మెయిల్, ఎప్పుడూ కదులుతుండే ప్రకటనల పేజీలు, తెరిచి మర్చిపోయిన మ్యాప్‌లు, మామూలుగా పైన ఉండేవి ఇవే. ఎంచుకుని ఎండ్ ప్రాసెస్ కొట్టండి. ఆ జాబితాలో జీపీయూ ప్రాసెస్ అని ఒకటుంటుంది. అది బాగా ఉబ్బి ఉంటే దాన్నీ ముగించవచ్చు, స్క్రీన్ ఒకసారి మిణుకుమని వెంటనే తిరిగొస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పని చేసే పేజీకి మెనూలోని మోర్ టూల్స్ నుంచి వెళ్ళవచ్చు.

క్రోమ్ సెట్టింగుల్లో పర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్‌లో ఉంచండి. ఇక డిస్క్. 32 జీబీ స్టోరేజీలో సగానికి పైగా విండోస్‌కే పోతుంది. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజింగ్ ఫైల్‌కి, బ్రౌజర్ దాచుకునే ఫైళ్ళకి చోటు మిగలకపోతే పేజీలు సగంలో ఆగుతాయి. నాలుగైదు జీబీలు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా చూసుకుంటే నాకు ఈ టెన్షన్ తగ్గింది.

పేజీలు జారుతూ, మసకబారుతూ వచ్చే హంగులు తగ్గించడానికి పెద్దగా ఎవరూ చెప్పని ఉపాయం ఒకటుంది. విండోస్ 11లో యాక్సెసిబిలిటీ కింద విజువల్ ఎఫెక్ట్స్‌లో యానిమేషన్లు ఆపేయండి. విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్ కింద ఉంటుంది. బ్రౌజర్ ఈ సంగతి సైట్లకి చెబుతుంది. పద్ధతిగా తయారుచేసిన సైట్లు తమ యానిమేషన్లు కూడా తగ్గించుకుంటాయి.

వీడియో తడబడితే

యూట్యూబ్ వీడియో మీద కుడి క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' ఎంచుకోండి. కోడెక్స్ (వీడియోని ఏ పద్ధతిలో కుదించారో చెప్పే) వరసలో ఏవీ01 అని మొదలైతే అది ఏవీ1 వీడియో. ఇంటెల్ చిప్‌లకి దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి 2020లో వచ్చింది. అంతకుముందు చిప్‌లలో ఆ పనంతా ప్రాసెసర్‌దే. అదే పెట్టెలో డ్రాప్డ్ అనే అంకె చకచకా పెరుగుతుంటే ప్రాసెసర్ చేతులెత్తేసినట్టే. ఏవీసీ1 అని మొదలయ్యే హెచ్.264 వీడియోని పాత చిప్‌లు కూడా హాయిగా విప్పుతాయి. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే యూట్యూబ్ అదే రకం పంపుతుంది. క్వాలిటీ 480కి దించండి. 768 వరసల స్క్రీన్ మీద 1080 అడగడంలో అర్థం లేదు.

మిగిలిన చిల్లర పేచీలు

సైట్లన్నీ ఒక్కసారిగా 'సురక్షితం కాదు' అంటున్నా, బొమ్మలు లేకుండా అరకొరగా వస్తున్నా మూల గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, సైట్ అసలుదేనని చూపే సర్టిఫికెట్లు ఆ తేదీకి చెల్లవు. తేదీ సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయి, బ్యాటరీ మార్చేదాకా మళ్ళీ మళ్ళీ పోతూనే ఉంటుంది.

విండోస్ 7, 8.1లలో క్రోమ్ 109 తర్వాత వర్షన్లు రావు. అది 2023 నాటిది. కొత్తగా తయారైన సైట్ల డిజైన్ అందులో చెదిరిపోతే సెట్టింగులతో బాగుపడేది కాదు.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు వస్తే ఫాంట్ లేనట్టు. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ ఉంటుంది, 10లోనూ 11లోనూ ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే గౌతమి, వాణి వస్తాయి. లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు వేసుకోండి. వేశాక బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవాలి.

తెల్ల పేజీ నుంచి నల్ల పేజీకి మారినప్పుడల్లా, అదీ చార్జర్ తీసినప్పుడే, స్క్రీన్ వెలుగు దానంతట అది పెరిగి తగ్గుతుంటే ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ (నాలాంటి పాత చిప్‌లలో ఇంటెల్ గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్) తెరవండి. పవర్ విభాగంలో, బ్యాటరీ మీద ఉన్నప్పటి 'డిస్‌ప్లే పవర్ సేవింగ్స్' ఆపేస్తే అది పోతుంది. బ్యాటరీ మాత్రం కొంచెం త్వరగా దిగుతుంది.